రాగోల్ యాత్ర: గేమ్‌క్యూబ్‌తో పడ్డ పాట్లు, అభిమానుల సర్వర్‌లో దొరికిన మర్యాద

ఫాంటసీ స్టార్ ఆన్‌లైన్ అనే ఆట ఆడదామని నింటెండో వాళ్ల పాత గేమ్‌క్యూబ్ మెషీన్ కొనబోయేవాళ్లు ముందు ఇది చదవండి. బ్రాడ్‌బ్యాండ్ అడాప్టర్ అని చెప్పి నాకు మోడెమ్ అంటగట్టిన అమ్మకందారు మీద కోపం ఇంకా చల్లారలేదు. అదే ఆటను ఒక్క సెంటు అడక్కుండా నడుపుతున్న అభిమానుల మీద నాకు ఎంత గౌరవం ఉందో చెప్పకపోతే అది కూడా అన్యాయమే అవుతుంది.

తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. సెగా కంపెనీలోని సోనిక్ టీమ్ తయారుచేసిన ఈ ఆట 2000 డిసెంబరు 21న జపాన్‌లో డ్రీమ్‌కాస్ట్ అనే సెగా మెషీన్ మీద వచ్చింది. మనం పయొనీర్ 2 అనే పెద్ద ఓడలో రాగోల్ గ్రహం దగ్గరికి చేరతాం. ముందే వెళ్లి స్థిరపడ్డ పయొనీర్ 1 జనం ఒక పేలుడుతో జాడ లేకుండా పోయారు. అడవి, గుహలు, గనులు, శిథిలాలు దాటుకుంటూ నలుగురు జట్టుగా వాళ్లను వెతకాలి. దారి పొడుగునా రికో అనే అమ్మాయి మనకంటే ముందు నడుస్తూ వదిలివెళ్లిన సందేశాలు దొరుకుతుంటాయి. మా ఆవిడ ఒక్కటి కూడా వదలదు. తలుపు అవతల రాక్షసులు ఉన్నారన్నా సరే, సందేశం పూర్తిగా చదివాకే కదులుతుంది.

గేమ్‌క్యూబ్ వెర్షన్ 2002లో వచ్చింది. అప్పట్లో ఆన్‌లైన్‌లో ఆడాలంటే నెలకు 8.95 డాలర్లు కట్టి హంటర్స్ లైసెన్స్ తీసుకోవాల్సి వచ్చేది. 2007 మార్చి 31న ఆ సర్వర్లు మూసేశారు. కంప్యూటర్ మీద ఆడే బ్లూ బర్స్ట్ అనే వెర్షన్‌ను అమెరికాలో 2008లోనూ, జపాన్‌లో 2010 చివరలోనూ ఆపేశారు. అంటే ఇప్పుడు రాగోల్‌లో ఇంకో మనిషి కనిపించాలంటే అభిమానులు నడిపే సర్వర్లే దిక్కు. వాటికి సెగా అనుమతేమీ లేదు. ఏ రోజైనా ఆగిపోవచ్చని తెలిసే అడుగుపెట్టాలి.

మేం ఉండేది టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో. బావమరిది ఎంఎస్ చదివేటప్పుడు శని, ఆదివారాలు మా ఇంట్లోనే ఉండేవాడు. అప్పుడే గేమ్‌క్యూబ్ కొన్నాం. మెషీన్ 85 డాలర్లు, ఎపిసోడ్ 1, 2 ఉన్న డిస్క్ 65, మెమరీ కార్డు 12. ఇంతవరకూ ఇబ్బంది లేదు. సోఫాలో పక్కపక్కన కూర్చుని ఆడే సరదా తీరాక, ఆన్‌లైన్‌కి కూడా వెళ్లి చూద్దామని బావమరిది పట్టుబట్టాడు. దానికి బ్రాడ్‌బ్యాండ్ అడాప్టర్ కావాలి. చాలా తక్కువగా తయారైన వస్తువు కావడంతో పాత సరుకు మార్కెట్లో దానికి నోటికొచ్చిన ధర. ఒక పాత గేముల దుకాణం ఆన్‌లైన్‌లో 180 డాలర్లకు పెట్టింది. "పరీక్షించాం, పనిచేస్తోంది" అని రాసి ఉంది, ఫోటోలో నెట్ కేబుల్ పెట్టే వెడల్పాటి కంత స్పష్టంగా కనిపిస్తోంది. పోస్టేజీ 9 డాలర్లు అదనం.

పెట్టె వచ్చిన రోజు అందరం చుట్టూ చేరాం. గేమ్‌క్యూబ్‌ను బోర్లించి అడుగున మూత తీస్తే అడాప్టర్ పెట్టే గూడు ఉంటుంది. అందులోకి చక్కగా దిగింది. తీరా కేబుల్ పెట్టబోతే కంత చిన్నది. లాండ్‌లైన్ ఫోన్ తీగ పట్టేంత కంత! ఊడదీసి టార్చి వేసి చూస్తే అడుగున చిన్న అక్షరాల్లో డీఓఎల్-012 అని ఉంది. అది 56కే మోడెమ్ నంబరు. బ్రాడ్‌బ్యాండ్ అడాప్టర్‌ది డీఓఎల్-015. రెండింటి ఆకారం ఒకటే, గూడు ఒకటే. మోడెమ్ అయితే ఇరవై, ముప్పై డాలర్లకే దొరుకుతుంది. బావమరిది ముఖం చూడాలి. ఆ రోజంతా కాఫీ కూడా ముట్టలేదు.

దుకాణానికి ఫోన్ చేస్తే ఎత్తినాయన మొదట రెండూ ఒకటే అన్నాడు. నంబర్లు చదివి వినిపించాక మాట మార్చాడు. పెట్టె తెరిచారు కాబట్టి వెనక్కి తీసుకోం, కావాలంటే 40 శాతం కోసుకుని మిగతాది స్టోర్ క్రెడిట్ ఇస్తాం అన్నాడు. పెట్టె తెరవకుండా లోపల ఏముందో ఎలా తెలుస్తుందండీ అంటే జవాబు లేదు. ఫోన్ పెట్టేశాడు. చివరికి వాళ్లు పెట్టిన ఫోటో, నాకు వచ్చిన వస్తువు ఫోటో, నంబర్లతో సహా క్రెడిట్ కార్డు కంపెనీకి పంపితే 180 తిరిగొచ్చింది. పోస్టేజీ 9, తిప్పి పంపిన ఖర్చు 14 మాత్రం పోయినట్టే. కాబట్టి ఎవరు ఏం చెప్పినా అడుగున నంబరు ఫోటో పంపమనండి. పంపకపోతే కొనకండి.

ఇక సోఫా సంగతి. ఇందులో గేమ్‌క్యూబ్‌ను మించింది లేదు, ఈ ఒక్క విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను. తెరను నాలుగు ముక్కలు చేసుకుని నలుగురం పక్కపక్కన కూర్చుని ఆడొచ్చు, నెట్ అక్కర్లేదు. నేను కత్తి పట్టే మరమనిషిని, బావమరిది తుపాకీ పట్టే మరమనిషి. మా ఇద్దరికీ మంత్రాలు రావు. రెస్టా వేసి అందరి ప్రాణాలూ నిలబెట్టేది మా ఆవిడే. ఆమె రెస్టా పరిధిలో ఉండాలంటే ఆమె పక్కనే నిలబడాలి కాబట్టి, ఆమె సందేశాలు చదువుతుంటే మేమూ ఆగాల్సిందే.

గొడవంతా ఎర్ర పెట్టెతో వచ్చింది. అరుదైన వస్తువు పడితే నేల మీద ఎర్ర పెట్టె కనిపిస్తుంది. సోఫాలో ఎవరు ముందు బటన్ నొక్కితే వాళ్లదే. అడవిలో మా ఆవిడ తన మంత్రంతో కూల్చిన హిల్డెబేర్ అనే రాక్షసుడి నుంచి ఒకటి పడింది. బావమరిది చటుక్కున ఎత్తేసుకున్నాడు. "నీకెందుకక్కా, నువ్వు వాడవుగా" అన్నాడు. ఆమె కంట్రోలర్ కింద పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. రాత్రి భోజనాలకు అందరం విడివిడిగా కూర్చున్నాం.

కన్సోల్‌తో ఇంకో భయం కూడా ఉంది. ఆటలోంచి పద్ధతిగా సేవ్ చేసి బయటకు రాకుండా కరెంటు పోయిందంటే, ఒంటి మీద ఉన్న ఆయుధాలు, కవచాలు మాయమైపోతాయి. పాత్ర ఉన్న ఫైలును ఇంకో కార్డులోకి కాపీ చేసి పెట్టుకోనివ్వదు. ఇర్వింగ్‌లో కరెంటు పోవడం తక్కువే, ఉరుములప్పుడు మాత్రం మెషీన్ ఆపేస్తాం.

చదువయ్యాక బావమరిది విజయవాడ వెళ్లిపోయాడు. అక్కడ గేమ్‌క్యూబ్ సంపాదించడం, దానికి అడాప్టర్ వెతకడం అయ్యే పని కాదు. ఆ అవసరమే మమ్మల్ని అభిమానుల సర్వర్‌కి పంపింది.

మొదట చేరిన సర్వర్ చిన్నది. నడిపేవాళ్లు విరాళం పేరుతో 15 డాలర్లకు మంచి తుపాకీ ఇస్తామన్నారు, బావమరిది కట్టాడు. కొన్నాళ్లకు సర్వర్ ఎత్తేశారు. పాత్రలు, తుపాకీ, 15 డాలర్లు అన్నీ పోయాయి. వస్తువులు డబ్బుకు అమ్మే చోట కాలు పెట్టకండి.

తర్వాత ఎఫీనియాలో చేరాం. ఇది బ్లూ బర్స్ట్ సర్వర్. ఖాతా ఉచితం, దించుకోవడం ఉచితం, మామూలు లాప్‌టాప్ చాలు. వెడల్పు తెరకు సరిపోయేట్టు బొమ్మ వస్తుంది. పాత కేబుల్‌తో కొత్త టీవీకి తగిలించిన గేమ్‌క్యూబ్ బొమ్మ మసకగా ఉంటుంది కాబట్టి ఈ తేడా కళ్లకు హాయిగా తెలుస్తుంది. గేమ్‌క్యూబ్ డిస్కులో లేని ఎపిసోడ్ 4 కూడా ఇక్కడ ఉంది. పాత్రలు సర్వర్‌లోనే ఉంటాయి కాబట్టి విజయవాడలో కరెంటు పోయినా బావమరిది సరుకు ఎక్కడికీ పోదు. కరెంటు రాగానే మళ్లీ వచ్చి కలుస్తాడు.

అన్నిటికన్నా మా ఇంటికి మేలు చేసింది ఇది: ఎవరికి పడ్డ వస్తువు వాళ్లకే కనిపించేట్టు పెట్టుకుని ఆడుతున్నాం. మా ఆవిడ ఎర్ర పెట్టె బావమరిది కంటికే ఆనదు. అక్కా తమ్ముళ్లు మళ్లీ సరదాగా ఆడుకుంటున్నారు.

వస్తువుల గురించి ఇంకో మాట. ఏ అరుదైన వస్తువులు పడతాయో ఆట గది తెరిచినవాళ్ల పాత్రకున్న గుర్తు తేలుస్తుంది, ఆ గుర్తు పేరునుబట్టి వస్తుంది. పాత్రకు పెట్టిన పేరులో ఒక్కో అక్షరానికీ ఒక అంకె ఉంటుంది. అన్నీ కూడి, బ్లూ బర్స్ట్‌లో పాత్ర రకాన్ని కూడా కలిపితే వచ్చేదాన్నిబట్టి పది గుర్తుల్లో ఒకటి తగులుతుంది. స్కైలీ అనే గుర్తుకు ఒక రకం ఆయుధాలు ఎక్కువ, రెడ్రియా అనేదానికి ఇంకో రకం. మనవాళ్లు న్యూమరాలజీ చూపించుకుని పేరులో అదనంగా ఒక 'ఏ' చేర్చుకున్నట్టే, బావమరిది తన పేరుకు చివర ఒక అక్షరం తగిలించి స్కైలీ తెచ్చుకున్నాడు. పేరు పెట్టేముందు గుర్తు చూసుకోండి.

విజయవాడ నుంచి అతనికి పింగ్, అంటే సర్వర్‌కి సంకేతం వెళ్లి వచ్చే సమయం, 250 మిల్లీసెకన్లు దాటుతుంది. వేరే ఆటల్లో అయితే ఆశ వదులుకోవాల్సిందే. ఇది డయలప్ కాలం నాటి ఆట కాబట్టి ఎవరి దెబ్బ తగిలిందో లేదో వాళ్ల మెషీన్‌లోనే తేలుతుంది. నా తెర మీద అతను ఖాళీ గాలిలోకి కాలుస్తున్నట్టు కనిపిస్తాడు, రాక్షసుడు మాత్రం పడిపోతాడు. అతనికి ఆట ఎక్కడా తడబడదు. ఇరవై ఏళ్లకు పైనే కిందట ఫోన్ తీగల కోసం ఆలోచించి చేసిన పని ఇవాళ రెండు ఖండాల మధ్య మమ్మల్ని కలుపుతోంది. ఆ ఇంజనీర్లకు దండం పెట్టాలనిపిస్తుంది.

ఇక డెరోల్‌లే దగ్గర జరిగింది చెప్పాలి. గుహల చివర నీటి కాలువలో తెప్ప మీద నిలబడి ఆ పెద్ద పురుగుతో పోరాడాలి. వెరీ హార్డ్ అనే కష్టమైన స్థాయిలో వెళ్లాం. నాలుగో మనిషిగా ముక్కూమొహం తెలియని ఒకరు వచ్చి చేరారు. మంత్రాలు వేసే పాత్ర, లెవెల్ మాకంటే చాలా ఎక్కువ. మొదట మా ఆవిడ పడిపోయింది. రెస్టా లేకపోయేసరికి నేను, ఆ వెంటనే బావమరిది. పడిపోయినవాళ్లు అలా పడుకుని చూస్తుండాలి, లేదంటే పయొనీర్ 2కి తిరిగి వెళ్లాలి. ఆ నాలుగో మనిషి తెప్ప అంచున అటూ ఇటూ పరుగెత్తుతూ, మీద పడుతున్న ముళ్లను తప్పించుకుంటూ, ఒక్కొక్కరి దగ్గరికే వచ్చి మూన్ ఆటమైజర్ కొట్టి లేపారు. ఓడలోని దుకాణంలో అది ఒక్కోటి 500 మెసెటా, అంటే ఆటలోని డబ్బు. మళ్లీ పడ్డాం, మళ్లీ లేపారు. తాను ఒక్కరే అయినా దాన్ని ముందే చంపగలరని మాకు అర్థమవుతూనే ఉంది. మేం చంపాలని ఆగారు. ఆఖరి దెబ్బ మా ఆవిడదే. బయటకు వచ్చాక ప్రాణం నింపే మందులు పది ట్రైమేట్లు నేల మీద పెట్టి, నవ్వే ముఖం బొమ్మ ఒకటి పంపి వెళ్లిపోయారు. ఒక్కో ట్రైమేట్ 2,000 మెసెటా. అంటే అప్పటికి మా ముగ్గురి దగ్గరా కలిపినా లేని 20,000 మెసెటా సరుకు. 189 డాలర్లు తీసుకుని ఫోన్ పెట్టేసిన మనిషి ఎక్కడ, పేరు కూడా చెప్పకుండా ఇంత చేసిన మనిషి ఎక్కడ!

శనివారం ఉదయం ఇక్కడ 8 అయితే వేసవిలో అక్కడ సాయంత్రం 6.30. ఆ వేళకు ముగ్గురం కలుస్తాం. అన్నిటికన్నా కష్టమైన అల్టిమేట్ స్థాయి తెరుచుకోవాలంటే లెవెల్ 80 కావాలి, మా ఆవిడకు ఇంకా కొంచెం తక్కువ. ఆమె వచ్చేదాకా ఆగుతానని బావమరిది తనంతట తానే అన్నాడు.

ఒంటరిగానో, దూరాన ఉన్నవాళ్లతోనో ఆడాలనుకుంటే నేరుగా అభిమానుల సర్వర్‌కి వెళ్లండి, పాత మెషీన్ మీద డబ్బు తగలెయ్యకండి. ఒకే గదిలో ముగ్గురు, నలుగురు ఉంటేనే గేమ్‌క్యూబ్ కొనండి, అదీ డిస్క్‌తో సహా మీ కళ్లముందు ఆడించి చూపిస్తేనే. మాది అమ్మడం లేదు. సంక్రాంతికి మా ఆవిడ పిన్ని పిల్లలు వస్తున్నారు కాబట్టి ఇంకో రెండు కంట్రోలర్లు చూసి పెట్టాను, ఒక్కోటి 25 డాలర్లు. అడాప్టర్ మాత్రం ఎవరు ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దు.