గళ్ళ యుద్ధాల్లో కెమెరా: ఏళ్ళ తరబడి ఆడాక

టర్న్ బేస్డ్ టాక్టిక్స్ ఆటలంటే గళ్ళ మ్యాప్ మీద మన సైనికుల్ని వంతుల వారీగా నడిపే వీడియో గేములు. వాటి సమీక్షల్లో కెమెరా గురించి, అంటే ఆ మ్యాప్‌ను తెర మీద ఏ కోణం నుంచి చూస్తామన్న దాని గురించి, ఒక్క వాక్యానికి మించి కనిపించదు. ‘మ్యాప్‌ను అన్ని వైపులా తిప్పుకోవచ్చు’ అని మెచ్చుకోలుగా రాసి వదిలేస్తారు. ఏళ్ళుగా ఈ ఆటలే ఆడుతున్న నా లెక్క వేరు. ఎటు పడితే అటు తిరిగే ‘ఫ్రీ కెమెరా’ నాకు పెద్దగా అక్కరకు రాలేదు. పావు వంతు చుట్టు, అంటే 90 డిగ్రీలు, తిరిగి ఆగేది మేలు. అసలు తిప్పే అవసరమే రానివ్వని మ్యాప్ ఇంకా మేలు.

1997 నాటి ఫైనల్ ఫాంటసీ టాక్టిక్స్‌ను ఇప్పటికీ మళ్ళీ మళ్ళీ ఆడతాను. అందులో నేల త్రీడీ, మనుషులు మాత్రం టూడీ బొమ్మలు. కంట్రోలర్ పై అంచు బటన్ నొక్కితే మ్యాప్ 90 డిగ్రీలు తిరిగి టక్కున ఆగుతుంది. నాలుగోసారి నొక్కేసరికి మొదటి కోణానికే వస్తాం. బొమ్మల్ని నాలుగు వాలు దిక్కులకే గీశారు కాబట్టి మ్యాప్ మధ్యలో ఆగితే అవి నేలకు అతకవు. అలా ఇబ్బందిలోంచి వచ్చిన పద్ధతే అయినా చేతికి భలే హాయిగా ఉంటుంది. ఈ ఆటలో వీపు మీద కొడితే తప్పించుకునే అవకాశం తగ్గుతుంది, కాబట్టి ఎవడు ఎటు తిరిగి నిలబడ్డాడో చూసుకోక తప్పదు. ఇంటి వెనక దాగిన గడినీ చూడాలి. ఈ రెండు పనులకూ నాలుగు కోణాలు చాలు.

హాయి ఎక్కడిదంటే, గడిని ఎంచుకునే గుర్తు, అంటే కర్సర్‌ది. ఐసోమెట్రిక్ చూపులో, అంటే మ్యాప్‌ను మూల వైపు నుంచి ఏటవాలుగా కిందికి చూసినప్పుడు, గళ్ళు తెర మీద డైమండ్ ఆకారంలో ఉంటాయి. కంట్రోలర్ మీది బాణాలేమో నిలువుగా, అడ్డంగా ఉంటాయి. మరి ‘పైకి’ నొక్కితే కర్సర్ కుడి పై మూలకు పోవాలా, ఎడమ పై మూలకా? ఆట ఏదో ఒకటి ఎంచుకుంటుంది, బొటనవేలు దానికి త్వరలోనే అలవాటు పడుతుంది. మ్యాప్ 90 డిగ్రీల చొప్పునే తిరిగితే తెర మీద గళ్ళ వాలు ఎప్పుడూ మారదు, వేలి అలవాటూ చెడదు. కోణాన్ని మన ఇష్టానికి వదిలేశారనుకోండి, ‘పైకి’ అంటే ఏ వరస అన్నది ఆట ప్రతిసారీ తేల్చుకోవాలి. ఎక్కడో ఒక హద్దు దాటగానే ఆ లెక్క మారిపోతుంది. కెమెరా ఇసుమంత జరిగిందంతే, అదే బటన్‌కు కర్సర్ ఇంకో వైపు పరిగెడుతుంది. పేరు చెప్పను గానీ, ఒక ఆటను నేను సగంలో ఆపేయడానికి కారణం కేవలం ఇదే. మౌస్‌తో ఆడేవాళ్ళకు ఈ బాధ తెలియదు, అందుకే వాళ్ళు ఫ్రీ కెమెరా కావాలంటారు.

ఇంకోటి జ్ఞాపకానికి సంబంధించినది. రెండు మూడు టర్న్‌లు గడిచేసరికి మ్యాప్ మన బుర్రలో ఒక దిక్కులో కుదురుకుంటుంది: వంతెన కుడివైపు, విలుకాడు ఎగువన. కెమెరాను బొంగరంలా తిప్పితే ఆ కుదురు పోతుంది. 1971లో షెపర్డ్, మెట్జ్‌లర్ అనే మనస్తత్వ పరిశోధకులు చేసిన ప్రయోగం ఒకటుంది. రెండు బొమ్మలు ఒకే ఆకారానివా కాదా అని చెప్పమంటే, వాటి మధ్య కోణం పెరిగే కొద్దీ జవాబుకు పట్టే సమయం కూడా అదే తీరున పెరుగుతూ పోయింది. మ్యాప్‌ను తిప్పిన ప్రతిసారీ మనమూ ఆ మూల్యం చెల్లిస్తున్నాం. పావు వంతు చుట్టుకు ఒక్కసారి చెల్లిస్తే చాలు. ఫ్రీ కెమెరాలో ఎంత చెల్లిస్తున్నామో తెలియకుండానే చెల్లిస్తూ పోతాం.

2016 నాటి ఎక్స్‌కామ్ 2లో కీబోర్డు మీది Q, E మీటలతో కెమెరా మెట్లు మెట్లుగా తిరుగుతుంది. అది చాలక ఆటగాళ్ళే, ఎటైనా తిప్పుకునేలా, ఫ్రీ రొటేషన్ మాడ్ (ఆటకు సొంతంగా చేసుకునే మార్పు) చేసుకున్నారు. మాడ్ బాగానే పనిచేస్తుంది, కానీ నేను తీసేశాను. అక్కడ అసలు చిక్కు కోణం కాదు, అంతస్తులు. మేడ మీద ఒకడు, మెట్ల కింద ఒకడు ఉంటే ఏ కోణం నుంచి చూసినా కర్సర్ ఏ అంతస్తు మీద ఉందో పట్టి చూడాల్సిందే. కాల్పుల వేళ సినిమాలా దూసుకొచ్చే యాక్షన్ కెమెరాను మాత్రం ఆప్షన్స్‌లో మొదటి రోజే ఆపేయండి. అది వచ్చి వెళ్ళాక మనం ఎటు చూస్తున్నామో మళ్ళీ వెతుక్కోవాలి.

తిప్పడం కన్నా నాకు ఎక్కువ పనికొచ్చింది నేరుగా పై నుంచి చూపు. 1995 నాటి టాక్టిక్స్ ఓగర్‌లో కోణం ఒక్కటే, తిరగదు. 2010లో పీఎస్‌పీ అనే చేతి గేమ్ యంత్రానికి మళ్ళీ చేసినప్పుడు పై చూపును జోడించారు, దాంతో గోడల వెనక దాగుడుమూతలు పోయాయి. బాల్డర్స్ గేట్ 3లో కీబోర్డు మీద O మీట నొక్కితే పై నుంచి చూపే టాక్టికల్ కెమెరా వస్తుంది. ఎవరు ఎంత దూరంలో ఉన్నారో ఒక్క చూపులో తెలుస్తుంది. ఎత్తు మాత్రం దాదాపు కనపడదు, కాబట్టి గుట్ట ఎక్కాలా వద్దా అనేది తేల్చుకోవడానికి మామూలు చూపుకు రావాల్సిందే. చదరంగం ప్రోగ్రాముల్లోనూ త్రీడీ బోర్డును కాసేపు ముచ్చటగా చూసి, ఆటలో పడ్డాక బల్లపరుపు బోర్డుకే వచ్చేస్తాం. అక్కడ తిప్పడమంటే ఒక్కటే, నల్ల పావులతో ఆడేటప్పుడు బోర్డును అటుదిటు చేసుకోవడం.

తిప్పే బటనే లేకపోయినా నాకు లోటు తెలియని ఆట 2018లో వచ్చిన ఇన్‌టు ది బ్రీచ్. ఎనిమిదికి ఎనిమిది గళ్ళు, కదలని ఐసోమెట్రిక్ చూపు. ఏ శత్రువు ఏ గడిని కొట్టబోతున్నాడో ముందే బోర్డు మీద చూపిస్తుంది. మ్యాప్ గీసేటప్పుడే దాపరికం లేకుండా చూసుకుంటే కెమెరాకు పనేముంది? ఇంత చిన్న మైదానానికే అది సాధ్యం, నిజమే. పెద్ద కోటలూ అంతస్తులూ ఉన్న ఆటకు ఈ వైద్యం పనికిరాదు.

అలాంటి పెద్ద ఆటల్లో నాకు కావలసింది ఒక్క నొక్కుతో మొదటి కోణానికి తెచ్చే బటన్. దాన్ని ఎందుకో చాలా ఆటలు మరిచిపోతాయి. అది లేనిచోట ఆప్షన్స్‌లో తిప్పే వేగం బాగా తగ్గించి, గోపురమో వంతెనో ఒక పెద్ద గుర్తు ఎప్పుడూ తెర పై అంచునే ఉండేట్టు ఆడుతున్నాను. ఎవరినైనా వెతకడానికి తిప్పినా, టర్న్ ముగించేలోపు గుర్తును మళ్ళీ పైకే తెచ్చుకుంటాను.