జాగ్రత్త: 72 గంటల్లో అచ్చువేస్తామన్న జర్నల్‌కు రెండేళ్ల పని అప్పగించి పోగొట్టుకున్నాను

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ చేస్తున్న ఉపాధ్యాయులకు, అధ్యాపకులకు ఇది రాస్తున్నాను. ఇలాంటి వాట్సాప్ సందేశం మీకూ వచ్చే ఉంటుంది: అంతర్జాతీయ జర్నల్, యూజీసీ కేర్ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం గుర్తించిన జర్నళ్ల జాబితా) గుర్తింపు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్ (జర్నల్‌లోని పేపర్లను ఇతర పరిశోధకులు సగటున ఎన్నిసార్లు ఉదహరించారో చెప్పే అంకె) 7కు పైన, 72 గంటల్లో ప్రచురణ. నేను నమ్మి 4,800 రూపాయలు కట్టాను. డబ్బు పోతే వచ్చే నెల జీతంలో సర్దుకుంటాం. కానీ ఆ పేపర్‌ను ఇక ఏ మంచి జర్నల్‌కూ పంపలేని స్థితి తెచ్చుకున్నాను. అసలు నష్టం అదే.

నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. తరగతిలో అందరికంటే ముందుండే పిల్లల మీద నా పరిశోధన. వెనుకబడిన పిల్లల మీద మనం శ్రద్ధ పెడతాం, పెట్టాలి కూడా. కానీ ఎనిమిదో తరగతిలోనే తొమ్మిదో తరగతి బీజగణితం చేయగల పిల్ల, తెలిసిన పాఠాన్నే ఏడాదంతా వింటూ కూర్చుంటే ఏమవుతుంది? అది తెలుసుకోవాలని ఎన్‌ఎంఎంఎస్ పరీక్షకు తయారయ్యే పిల్లలతో రెండేళ్లు ఆదివారాలు గడిపాను. అది నెగ్గితే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా ఏటా 12,000 రూపాయల ఉపకారవేతనం వస్తుంది. అందుకే కోతల రోజుల్లో కూడా తల్లిదండ్రులు పిల్లలను పొలానికి తీసుకెళ్లకుండా బడికి పంపారు. పిల్లలు ఏడాదిలో ఎంత నేర్చుకున్నారో చూడటానికి నేనే జులైలో ఒక పరీక్ష, మార్చిలో ఒకటి పెట్టాను. ఆ జవాబు పత్రాలు కట్టలు కట్టి ఇప్పటికీ మా ఇంట్లో బియ్యం డబ్బా పైన ఉన్నాయి.

సందేశం పంపిన వ్యక్తికి ఫోన్ చేస్తే ఎంతో మర్యాదగా మాట్లాడాడు. “మాస్టారూ, ఈ నెల సంచికలో ఇంకా రెండు పేపర్లకే చోటుంది. రేపటిలోగా పంపితే మీది చేర్చేస్తాం” అన్నాడు. థీసిస్ ఇచ్చేలోగా ఒక పేపర్ అచ్చయి ఉండాలన్న ఆత్రంలో మా గైడుకు కూడా చూపించకుండా పంపేశాను. మీలో చాలామందిని తొందరపెట్టేది ఈ ఆత్రమే. 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనల్లో, థీసిస్ సమర్పించే ముందు జర్నల్‌లో పేపర్ తప్పనిసరిగా ఉండాలన్న షరతు లేదు. మీ విశ్వవిద్యాలయం సొంతంగా అలాంటి షరతు పెట్టిందా అన్నది పరిశోధన విభాగానికి వెళ్లి రాతపూర్వకంగా అడగండి. తోటివాళ్లు చెప్పిన మాట మీద పరుగులు పెట్టవద్దు.

శుక్రవారం సాయంత్రం పంపాను. సోమవారం ఉదయం ప్రార్థన గంట కొట్టకముందే అంగీకార పత్రం వచ్చింది. సమీక్షకుల అభిప్రాయం అన్నచోట ఒకే వాక్యం: పేపర్ బాగుంది, ప్రచురించవచ్చు. నా మూడో పట్టికలో ఒక వరుసలోని శాతాలన్నీ కూడితే 112 వస్తుంది. అది నా పొరపాటే. ఎవరైనా ఆ పేజీ తిప్పి ఉంటే ముందు కనబడేది అదే. అచ్చయ్యాక కూడా అది 112గానే ఉంది. పిల్లలకు ఇచ్చిన లెక్కలను తెలుగులోనే అనుబంధంగా జతచేశాను. ఆ రెండు పేజీల నిండా అక్షరాల బదులు ఖాళీ చతురస్రాలు అచ్చయ్యాయి.

డబ్బు కట్టే ముందు పది నిమిషాలు వెచ్చించి ఉంటే అన్నీ బయటపడేవి. యూపీఐలో డబ్బు వెళ్లింది ఒక వ్యక్తి పేరు మీదికి, జర్నల్ పేరు మీదికి కాదు. యూజీసీ కేర్ జాబితాను 2025 ఫిబ్రవరిలోనే యూజీసీ నిలిపివేసింది. జర్నల్‌ను అంచనా వేసుకోవడానికి సూచనలు ఇచ్చి, ఎంపిక బాధ్యతను విద్యాసంస్థలకు, పరిశోధకులకు వదిలింది. నేను డబ్బు కట్టింది ఆ తర్వాత ఆరు నెలలకు, అదే గుర్తింపు చూసి. వాళ్లు చూపించిన ఐఎస్ఎస్ఎన్ అంకెను తర్వాత ఐఎస్ఎస్ఎన్ పోర్టల్‌లో కొట్టి చూస్తే వేరే పత్రిక పేరు వచ్చింది. అంకె సరైనదే అయినా దాన్ని నాణ్యతకు ముద్ర అనుకోకండి. అది పత్రికను గుర్తుపట్టడానికి ఇచ్చే ఎనిమిది స్థానాల సంఖ్య మాత్రమే, మన దేశంలో రుసుము లేకుండానే ఇస్తారు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అనే పేరుకు విలువ తెచ్చింది క్లారివేట్ సంస్థ ఏటా వెలువరించే లెక్క. ఇలాంటి జర్నళ్లు చూపించే అంకెలు ఎక్కడెక్కడివో సంస్థలు డబ్బు తీసుకుని ఇచ్చేవి. స్కోపస్ అనే పరిశోధన పత్రికల సూచీలో ఉందని ఎవరైనా అంటే స్కోపస్ సైటులో పత్రికల జాబితా ఉచితంగానే చూడవచ్చు. పేరుతో పాటు ఏ సంవత్సరం వరకు చేర్చారో కూడా చూడండి. మధ్యలో తీసేసిన పత్రికలు కూడా పాత పేరు చెప్పుకుని తిరుగుతున్నాయి.

ఇది మన ఊళ్ల అమాయకత్వం వల్ల మాత్రమే జరుగుతున్నది కాదు. 2018 మే నెలలో యూజీసీ తన ఆమోదిత జాబితా నుంచే 4,305 జర్నళ్లను తీసేసింది. అంటే అంతవరకు అవన్నీ అధికారిక జాబితాలోనే ఉన్నాయి.

కొన్ని నెలల తర్వాత, పట్టిక సరిచేసుకుని, గైడు సలహాతో ప్రతిభావంతులైన విద్యార్థుల చదువు మీద పనిచేసే ఒక విదేశీ జర్నల్‌కు పంపాను. పాతది ఎక్కడో అచ్చయిందన్న సంగతి దాచలేదు, కవరింగ్ లెటర్‌లో రాశాను. పదకొండో రోజున ఎడిటర్ జవాబు వచ్చింది. ఇప్పటికే ప్రచురితమైన పేపర్‌ను మళ్లీ ప్రచురించలేమని మొదటి పేరాలోనే రాశారు. రెండో పేరా రాయాల్సిన అవసరం ఆయనకు లేదు, అయినా రాశారు. జులైలోనే 25కు 24 తెచ్చుకున్న పిల్లకు మార్చిలో పెరగడానికి మిగిలింది ఒక్క మార్కే. ఆమె ఎంత నేర్చుకున్నా మీ పరీక్ష దాన్ని కొలవలేదు, పై తరగతుల స్థాయి ప్రశ్నలు కూడా ఉన్న పరీక్ష పెట్టి ఉండాల్సింది అని. ఆ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో. నా పనిని మొదటి నుంచి చివరి దాకా చదివిన తొలి మనిషి ఆయనే. ఈ మాట మొదటే విని ఉంటే రెండో ఏడాది పరీక్షను మార్చుకునేవాణ్ణి.

పాత పేపర్ తీసేయమని అడిగితే ఉపసంహరణ రుసుము 9,000 రూపాయలు కట్టమన్నారు. కాపీరైటు పత్రం మీద నా సంతకం ఉందని గుర్తుచేశారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు.

రుసుము అడిగే ప్రతి జర్నలూ మోసమని మాత్రం అనను. అందరూ ఉచితంగా చదివే పద్ధతిలో నడిచే మంచి పత్రికలు కూడా రుసుము తీసుకుంటాయి, కానీ అది ఎంతో ముందే సైటులో రాసి ఉంటుంది, సమీక్ష ముగిశాకే అడుగుతాయి. ప్రతిభావంతులైన పిల్లల చదువు అనే నా విషయానికే వస్తే 1957 నుంచి వస్తున్న గిఫ్టెడ్ చైల్డ్ క్వార్టర్లీ, జర్నల్ ఆఫ్ అడ్వాన్స్‌డ్ అకడమిక్స్ లాంటివి చందాల మీద నడుస్తాయి. మామూలు దారిలో రచయిత పైసా కట్టనవసరం లేదు. వాటికి రచయిత పేరు తీసేసిన ప్రతిని విడిగా పంపాలి, నెలల తరబడి ఆగాలి, తిరస్కరిస్తారు కూడా. ఆ తిరస్కారం నుంచి నేను నేర్చుకున్నది ఆ మూడు రోజుల అంగీకారం నుంచి నేర్చుకోలేదు.

ఇప్పటికే డబ్బు కట్టేసి, ఇంకా కాపీరైటు పత్రం మీద సంతకం చేయనివాళ్లు ఎవరైనా ఉంటే, సంతకం చేయకండి. పేపర్‌ను వెనక్కి తీసుకుంటున్నాను, ప్రచురించడానికి నా అనుమతి లేదు అని ఈరోజే ఈమెయిల్ రాసి, దాని ప్రతి మీ గైడుకు కూడా పెట్టండి. డబ్బు విషయంలో సైబర్ మోసాల సహాయ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయండి, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. పేపర్ అచ్చు కాకముందైతే అది ఇంకా మీదే.