ఫ్లైట్ సిమ్యులేటర్‌కు ముందు మార్చవలసింది గ్రాఫిక్స్ కార్డా, ప్రాసెసరా?

పర్లాకిమిడిలో మా మేడ మీది గదిలో కూర్చుని మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో మహేంద్రగిరి మీదుగా సెస్నా 172 అనే చిన్న విమానం నడిపినప్పుడు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. అదే కంప్యూటరులో పెద్ద ప్రయాణికుల విమానమైన ఎయిర్‌బస్ ఏ320తో సముద్రం వైపు నుంచి విశాఖ 28వ రన్‌వేకు దిగబోతే మాత్రం దృశ్యం ఆగి ఆగి కదిలేది. బరంపురంలో ఒక దుకాణదారు చెప్పిన మాట నమ్మి, జీటీఎక్స్ 1660 సూపర్ గ్రాఫిక్స్ కార్డు తీసివేసి ఆర్టీఎక్స్ 4060 వేయించాను. మేఘాలకు కళ వచ్చింది గానీ, విశాఖలో నత్తనడక తప్పలేదు.

కారణం పని విభజనలో ఉంది. విమానం మీద గాలి చూపే ప్రభావం, కాక్‌పిట్ తెరలు, చుట్టుపక్కల విమానాల కదలిక, నేల మీది కట్టడాల పేర్పు మొదలైనవన్నీ ప్రాసెసర్ లెక్కగట్టి అందిస్తేనే కార్డు బొమ్మ గీయగలదు. ఈ లెక్కల్లో పెద్ద భాగం మెయిన్ థ్రెడ్ అనే ఒక్క వరుసలోనే సాగుతుంది. వంటవాడు ఒక్కడే అయితే వడ్డించేవారు పదిమంది ఉన్నా పంక్తి కదలదు. నా పాత ప్రాసెసర్ రైజెన్ 5 3600కు ఇలాంటి వరుసలు, అంటే థ్రెడ్లు, 12 ఉన్నాయి కనుక, ఒకటి పూర్తిగా నిండినా టాస్క్ మేనేజర్ మొత్తం మీద చిన్న శాతమే చూపుతుంది. ప్రాసెసర్ ఖాళీగా ఉందని నేను మోసపోయింది అక్కడే.

నిజం తేల్చుకోవడానికి ఖర్చేమీ లేదు. సిమ్యులేటర్‌లోని డెవలపర్ మోడ్‌లో ఫ్రేముల లెక్క (సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నాయో చూపేది) తెరిస్తే, అడ్డు మెయిన్ థ్రెడ్‌దో జీపీయూదో, అంటే గ్రాఫిక్స్ కార్డుదో, అక్కడే రాసి ఉంటుంది. రెండవ పరీక్షగా కార్డు గీసే బొమ్మ స్పష్టతను నిర్ణయించే రెండర్ స్కేలింగ్‌ను 50కి దించాను. విశాఖలో 34 ఫ్రేములు 34గానే ఉండిపోయాయి. ప్రాసెసర్‌కు పని పెంచే టెర్రైన్ డీటెయిల్‌ను (నేల వివరాల స్థాయిని) 200 నుంచి 100కు తగ్గించగానే 40 దాటాయి. అంటే దోషం కార్డుది కాదు.

కనుక 1080పీ తెర మీద పెద్ద విమానాలు, పెద్ద విమానాశ్రయాలు కోరుకునేవారికి ప్రాసెసరే మేలని నా అభిప్రాయం. ఏఎమ్4 అనే రకం ఏఎండీ మదర్‌బోర్డు ఉన్నవారికి 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీ చక్కగా అమరుతుంది. దాని ఎల్3 క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగవంతమైన మెమరీ) 96 ఎంబీ, నా పాతదానికి 32 మాత్రమే. బోర్డు మూల సాఫ్ట్‌వేరు అయిన బయాస్‌ను అప్‌డేట్ చేయించుకుంటే బోర్డూ ర్యామూ మార్చనక్కరలేదు, అయితే ఆ ప్రాసెసర్‌తో కూలర్ రాదు, విడిగా మంచిది కొనాలి. పాత ఇంటెల్ బోర్డు వాడేవారికి బోర్డు కూడా మార్చవలసి రావచ్చు, అప్పుడు ఖర్చు లెక్క వేరు.

4కే తెర, వీఆర్ హెడ్‌సెట్, దట్టమైన మేఘాలు కావాలంటే మాత్రం కార్డుకే డబ్బు పెట్టాలి. అక్కడ కార్డులోని 8 జీబీ మెమరీ త్వరగా నిండి, ప్రాసెసర్ తడబాటులాగే కనిపించే కుదుపులు తెస్తుంది. ఆర్టీఎక్స్ 40 సిరీస్ కార్డుల్లోని ఫ్రేమ్ జనరేషన్ ప్రాసెసర్‌కు పని పెంచకుండా మధ్య ఫ్రేములు పుట్టిస్తుంది కనుక దృశ్యం మెత్తబడుతుంది, కానీ జాయ్‌స్టిక్ కదలికకు విమానం స్పందించే ఆలస్యం తగ్గదు. దిగేటప్పుడు నాకు అది నచ్చలేదు.

చివరికి ఆ ప్రాసెసర్ వేయించాను. అదే దిగుడులో ఇప్పుడు 50కి పైగా వస్తున్నాయి. తీసేసిన 1660 సూపర్ మా మేనల్లుడి కంప్యూటరులో ఉంది, వాడు నడిపేది సెస్నాలే కనుక దానితోనే సంతోషంగా ఉన్నాడు.