ఆఫీసులో రెండు ఇంటర్నెట్ లైన్లు: ట్రాఫిక్‌ను ఎలా పంచితే మేలు?

ఒకే కంపెనీ ఇంటర్నెట్‌ను నమ్ముకుంటే లైన్ పోయిన ప్రతిసారీ ఆఫీసంతా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. అందుకే చాలా ఆఫీసులు ఇంకో కంపెనీ దగ్గర రెండో కనెక్షన్ తీసుకుంటాయి. రెండు కేబుళ్లూ రౌటర్‌కు తగిలించాక అసలు ప్రశ్న ఎదురవుతుంది: ఏ ట్రాఫిక్ ఏ లైన్‌లో వెళ్లాలి?

దారులు ముఖ్యంగా మూడు. ఒక లైన్ వాడుతూ రెండోదాన్ని అవసరానికి అట్టిపెట్టుకోవడం మొదటిది, దీన్నే ఫెయిలోవర్ అంటారు. కనెక్షన్లను రెండు లైన్ల మీదా సమంగానో, స్పీడు నిష్పత్తిలోనో పంచే లోడ్ బ్యాలెన్సింగ్ రెండోది. పనిని బట్టి విడదీయడం మూడోది: ఫోన్ కాల్స్ ఒక లైన్‌లో, బ్యాకప్‌లు ఇంకో లైన్‌లో అన్నమాట. ఖర్చు ఎక్కువయ్యే దారులు ఇంకో రెండున్నాయి, వాటి సంగతి తర్వాత చూద్దాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. సొంత నెట్‌వర్క్ టీమ్ లేని మామూలు ఆఫీసుకు మూడోదే మేలు. కానీ ఎక్కువమంది మొదట ఆన్ చేసేది రెండోది. ఎందుకంటే దాని వెనక ఊరించే లెక్క ఒకటుంది.

100కు 100 కలిపితే 200 అవుతుందా?

రెండు 100 ఎంబీపీఎస్ లైన్లుంటే ఆఫీసు మొత్తం కలిపి 200 దాకా వాడుకోవచ్చు, అంతవరకు నిజమే. కానీ ఒక మనిషి ఒక పెద్ద ఫైల్ దించుకుంటుంటే ఆ డౌన్‌లోడ్ 100 దాటదు. కారణం న్యాట్, అంటే ఆఫీసులోని కంప్యూటర్లన్నిటినీ రౌటర్ ఒకే బయటి చిరునామా వెనక ఉంచే పద్ధతి. ప్రతి కంపెనీ మనకు తన సొంత పబ్లిక్ ఐపీ (బయటి ఇంటర్నెట్‌కు కనిపించే చిరునామా) ఇస్తుంది. ఒక కనెక్షన్ మొదటి లైన్ గుండా బయల్దేరితే అవతలి సర్వర్‌కు అది మొదటి ఐపీ నుంచి వచ్చినట్టు కనిపిస్తుంది. ఆ కనెక్షన్ ముగిసేదాకా ప్రతి ప్యాకెట్టూ అదే ఐపీ నుంచి వెళ్లాలి. మధ్యలో కొన్ని ప్యాకెట్లను రెండో లైన్‌లోకి తోస్తే సర్వర్ వాటిని ఆ కనెక్షన్‌కు చెందినవిగా గుర్తించదు.

ప్యాకెట్లను ఒకటి ఇటు, ఒకటి అటు పంపే సెట్టింగ్ కొన్ని రౌటర్లలో కనిపిస్తుంది. వేర్వేరు కంపెనీల లైన్ల మీద దాన్ని ముట్టుకోకండి. ఐపీ సమస్య లేదనుకున్నా, రెండు లైన్ల ఆలస్యం ఒకటి కాదు కాబట్టి ప్యాకెట్లు వరస తప్పి చేరతాయి. మూడు డూప్లికేట్ ఏసీకేలు (ప్యాకెట్ అందిందని అవతలివైపు పంపే రసీదులు) అందగానే టీసీపీ (డేటా వరసగా, పూర్తిగా చేరేలా చూసే ప్రోటోకాల్) ఏదో ప్యాకెట్ పోయిందనుకుని, దాన్ని మళ్లీ పంపి వేగం తగ్గించుకుంటుంది. లైనక్స్‌తో సొంతంగా రౌటర్ తయారుచేసుకునేవాళ్లు ఇంకో విషయం చూసుకోవాలి. 2012లో వచ్చిన 3.6 కెర్నల్‌లో (లైనక్స్ మూలభాగం) పాత రూటింగ్ క్యాష్‌ను (ఏ గమ్యానికి ఏ దారో గుర్తుపెట్టుకునే పట్టిక) తీసేశాక మల్టీపాత్ రూటింగ్ (ఒకటికి మించిన దారుల్లో పంపడం) ప్యాకెట్ల వారీగా మారిపోయింది. 2016 జనవరిలో వచ్చిన 4.4లో హ్యాష్ పద్ధతి (చిరునామాలను బట్టి దారి ఎంచుకునేది) పెట్టాక మళ్లీ ఒకే దారిలో నిలవడం మొదలైంది. అందుకే పాత గైడ్ చూసి కమాండ్లు కొట్టే ముందు అది ఏ కెర్నల్‌ కాలంలో రాసిందో చూసుకోవాలి.

లోడ్ బ్యాలెన్సింగ్ బాగా నప్పేది మనుషులు చాలామంది ఉండి, ఒక్కొక్కరూ చిన్నచిన్న కనెక్షన్లు తెరిచేచోట: శిక్షణ కేంద్రాలు, హాస్టళ్లు, గెస్ట్ వైఫై. ఒక లైన్ 100, ఇంకోటి 50 అయితే 2:1 వెయిట్ ఇస్తే సరిపోతుంది. అయితే రౌటర్ లెక్కపెట్టేది కనెక్షన్లనే గానీ వాటి బరువును కాదు. గంటసేపు సాగే బ్యాకప్ అప్‌లోడ్ దానికి ఒకటే, చిన్న ఐకాన్ తెచ్చుకునే వెబ్ కనెక్షనూ ఒకటే. రెండు భారీ కనెక్షన్లు ఒకే లైన్ మీద పడితే ఆ లైన్ నిండిపోతుంది, పక్కది ఖాళీగా ఉంటుంది.

దీనికంటే విసిగించేది లాగిన్ గొడవ. ఒక వెబ్ పేజీ తెరిస్తే బ్రౌజర్ చాలా కనెక్షన్లు తెరుస్తుంది. వాటిలో కొన్ని ఒక ఐపీ నుంచి, కొన్ని ఇంకో ఐపీ నుంచి వెళ్తే, భద్రత విషయంలో పట్టుదలగా ఉండే బ్యాంకు సైట్లూ ప్రభుత్వ పోర్టళ్లూ సెషన్ ఎవరో దొంగిలించారనుకుని బయటికి పంపేస్తాయి. పేమెంట్ మధ్యలో ఇలా జరిగితే అకౌంట్స్ వాళ్ల టెన్షన్ అంతా ఇంతా కాదు. దీనికి మందు స్టికీ పద్ధతి: ఒక కంప్యూటర్ నుంచి ఒక గమ్యానికి వెళ్లేవన్నీ ఒకే లైన్‌లో పోయేలా కట్టడి చేయడం. మైక్రోటిక్ రౌటర్లలో పీసీసీ (కనెక్షన్లను చిరునామాలను బట్టి పంచే) రూల్ రాసేటప్పుడు పంపేవారిదీ, గమ్యానిదీ రెండు అడ్రస్‌లనూ లెక్కలోకి తీసుకోమని చెప్పవచ్చు, పీఎఫ్‌సెన్స్ అనే రౌటర్ సాఫ్ట్‌వేర్‌లో స్టికీ కనెక్షన్లకు విడిగా ఒక ఆప్షన్ ఉంది. కానీ ఒకే సైట్ తన పేజీలను రెండు మూడు సర్వర్ల నుంచి పంపితే గమ్యాలు మారతాయి, గొడవ మళ్లీ మొదలు. పోనీ కంప్యూటర్‌ను బట్టి మాత్రమే కట్టేద్దామంటే లాగిన్‌లు కుదురుకుంటాయి గానీ పంపకం ఇంకా మోటుగా తయారవుతుంది.

ఫెయిలోవర్: నమ్మకమైనదే, కానీ నిఘా సరిగ్గా ఉంటేనే

పైన చెప్పిన గొడవలేవీ ఫెయిలోవర్‌లో ఉండవు. మామూలు రోజుల్లో ఒకటే ఐపీ. వీపీఎన్ (ఇంకో ఆఫీసుతో కలిపే రహస్య దారి) కుదురుగా ఉంటుంది, ఐపీ చూసి లోపలికి రానిచ్చే సైట్లూ పేచీ పెట్టవు. చిన్న ఆఫీసుకు, ముఖ్యంగా రెండో లైన్ డేటా పరిమితి ఉన్న 4జీ సిమ్ అయితే, ఇదే సరైనది. ఆ సిమ్ మీదికి మారినప్పుడు బ్యాకప్‌లు, అప్‌డేట్లు ఆగిపోయేలా ఒక రూల్ రాసిపెట్టుకోవాలి, లేకపోతే డేటా మొత్తం అవే తినేస్తాయి.

దీని బలహీనత అంతా లైన్ పోయిందని కనిపెట్టడంలో ఉంది. చాలా రౌటర్లు మొదట్లో మోడెమ్‌నో, కంపెనీ గేట్‌వేనో (కంపెనీ వైపు మొదటి రౌటర్) మాత్రమే పింగ్ చేస్తాయి, అంటే బతికే ఉన్నావా అని చిన్న ప్యాకెట్ పంపి అడుగుతాయి. మోడెమ్ బాగానే ఉండి, కంపెనీ లోపల ఎక్కడో లింకు తెగితే పింగ్‌కు జవాబు వస్తూనే ఉంటుంది, ఆఫీసులో మాత్రం ఏదీ తెరుచుకోదు. పింగ్ గేట్‌వేను దాటి బయటి ఇంటర్నెట్‌లోకి వెళ్లాలి, అదీ ప్రతి లైన్‌కూ వేర్వేరు చిరునామాలకు. ఏ చిరునామా ఏ లైన్ గుండా వెళ్లాలో స్టాటిక్ రూట్‌తో (మనమే రాసిపెట్టే స్థిరమైన దారి) బిగించాలి. ఆ పని చేయకపోతే మొదటి లైన్ చచ్చినప్పుడు దాని పింగ్ రెండో లైన్‌లోంచి వెళ్లొచ్చి, లైన్ బతికే ఉందని అబద్ధం చెబుతుంది.

ఇక్కడే ఒక మెలిక ఉంది. గూగుల్ సర్వర్ 8.8.8.8ను మొదటి లైన్ నిఘాకు బిగించి, దాన్నే ఆఫీసుకంతటికీ ఏకైక డీఎన్‌ఎస్‌గా (సైట్ పేర్లను ఐపీలుగా మార్చే సర్వర్) పెడితే, మొదటి లైన్ పోయిన క్షణంలో డీఎన్‌ఎస్ కూడా పోతుంది. రెండో లైన్ బ్రహ్మాండంగా పనిచేస్తున్నా ఏ సైటూ తెరుచుకోదు. నిఘాకు వాడే చిరునామాలు వేరు, డీఎన్‌ఎస్‌కు వాడేవి వేరుగా ఉండాలి. కంపెనీ ఇచ్చే డీఎన్‌ఎస్ సర్వర్లను కూడా నమ్ముకోవద్దు, తమ నెట్‌వర్క్ బయటినుంచి అడిగితే చాలావరకు అవి పలకవు.

లైన్ మారగానే నడుస్తున్న టీసీపీ కనెక్షన్లు తెగిపోతాయి, దానికి చేయగలిగింది లేదు. 2021లో ఆర్‌ఎఫ్‌సీ 9000 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రంగా వెలువడిన క్విక్ ప్రోటోకాల్‌ను ఐపీ మారినా తట్టుకునేలా రూపొందించారు, అందుకే కొన్ని సైట్లు, యాప్‌లు ఈ మార్పును గమనించకుండానే సాగిపోవచ్చు. ఐపీ ఫోన్లు మాత్రం మొండికేస్తాయి. ఫోన్ ఊరుకోకుండా రిజిస్ట్రేషన్ ప్యాకెట్లు పంపుతూ ఉంటుంది కాబట్టి రౌటర్‌లోని పాత న్యాట్ ఎంట్రీ చావదు. ప్యాకెట్లు చచ్చిన లైన్‌లోకే పోతుంటాయి. లైన్ మారినప్పుడు పాత స్టేట్‌లను (గుర్తుపెట్టుకున్న కనెక్షన్ల వివరాలను) చెరిపేసే ఆప్షన్ రౌటర్‌లో ఉంటే దాన్ని తప్పకుండా ఆన్ చేయండి. మొదటి లైన్ తిరిగి రాగానే పరుగున వెనక్కి మారడమూ మంచిది కాదు. కొన్ని నిమిషాలు నిలకడగా ఉందని తేలాకే మారాలి.

పనిని బట్టి విడదీయడం

ఫెయిలోవర్‌లో రెండో లైన్ నెలంతా ఊరికే పడి ఉంటుంది. లోడ్ బ్యాలెన్సింగ్‌లో ఎవరి ట్రాఫిక్ ఎటు పోతుందో మనకే తెలియదు. ఈ రెండు లోపాలూ పనిని బట్టి విడదీస్తే పోతాయి.

ముందు కాల్స్ సంగతి. జీ.711 కోడెక్‌తో (మాటను డేటాగా మార్చే పద్ధతి) సాగే ఒక ఫోన్ కాల్‌కు హెడర్లతో కలిపి ఒక్కో దిశలో 87 కేబీపీఎస్ సుమారుగా పడుతుంది. ఒకేసారి 20 కాల్స్ నడిచినా 2 ఎంబీపీఎస్ దాటదు. అంటే వాటికి కావాల్సింది స్పీడు కాదు, నిలకడ. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్ల లోపు ఉంటే సంభాషణ ఇబ్బంది లేకుండా సాగుతుందని అంతర్జాతీయ టెలికాం సంస్థ ఐటీయూ జీ.114 సిఫార్సు చెబుతుంది. కాబట్టి ప్లాన్ కాగితం మీద ఏ లైన్ పెద్దదో చూడకండి. ఏ లైన్‌లో పింగ్ సమయాలు తక్కువ ఊగిసలాడుతున్నాయో పనివేళల్లో కొన్నిరోజులు గమనించి, కాల్స్‌ను, మీటింగులను దానికి అప్పగించండి.

బ్యాకప్‌లు, సిస్టమ్ అప్‌డేట్లు, సీసీ కెమెరాల అప్‌లోడ్, గెస్ట్ వైఫై రెండో లైన్‌కు వెళ్లాలి. బ్రాంచి ఆఫీసుతో ఉన్న వీపీఎన్, ఐపీ చూసి రానిచ్చే సైట్లు స్టాటిక్ (మారని) ఐపీ ఉన్న లైన్‌లోనే ఉండాలి. ఒక లైన్‌లో రౌటర్‌కు 100.64తో మొదలై 100.127 లోపు ఉండే చిరునామా వచ్చిందంటే అది కంపెనీ వైపు న్యాట్ వెనక ఉన్నట్టు. ఆ చిరునామాలను ఇందుకోసమే 2012లో కేటాయించారు. బయటినుంచి లోపలికి రావాల్సిన పనులేవీ ఆ లైన్ మీద పెట్టకండి.

ఇంతా చేసి ప్రతి గుంపుకూ ఇంకో లైన్‌ను తోడుగా పెట్టాలి. పీఎఫ్‌సెన్స్‌లో అయితే రెండు గేట్‌వే గ్రూపులు చేస్తారు: ఒకదానిలో మొదటి లైన్ టియర్ 1 (ముందు వాడేది), రెండోది టియర్ 2 (అది పోతే వాడేది). ఇంకో గ్రూపులో అటుదిటు. మామూలు రోజుల్లో రెండు లైన్లూ పనిచేస్తాయి, ఏది పోయినా అందరూ మిగిలినదాని మీదికి చేరతారు. రెండో లైన్ రోజూ వాడుకలో ఉండటం వల్ల దాని జబ్బులు అత్యవసర సమయానికి ముందే బయటపడతాయి. నాకు ఈ పద్ధతి అన్నిటికంటే నచ్చే కారణం ఇంకోటి. ఎవరైనా కాల్ తెగుతోందని చెబితే ఏ లైన్‌ను చూడాలో వెంటనే తెలుస్తుంది, ఏ కంపెనీకి ఫోన్ చేయాలో కూడా.

ఇందులో కష్టం ట్రాఫిక్‌ను గుర్తుపట్టడం. వెబ్ ట్రాఫిక్ దాదాపు అంతా ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, క్లౌడ్ సర్వీసుల ఐపీలు మారుతుంటాయి. యాప్ పేరుతో విడదీస్తామనే రౌటర్ల మాటను ఎక్కువగా నమ్మలేం. ట్రాఫిక్ ఎక్కడినుంచి బయల్దేరుతుందో చూసి విడదీయడం తేలిక: ఫోన్లకు ఒక వీల్యాన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లో విడిగా కట్టిన గుంపు), కెమెరాలకు ఒకటి, గెస్టులకు ఒకటి. ల్యాప్‌టాప్‌ల దగ్గర చిక్కు వస్తుంది, ఎందుకంటే మీటింగూ బ్రౌజింగూ ఒకే యంత్రంలో. మైక్రోసాఫ్ట్ టీమ్స్ ఆడియో, వీడియోకు యూడీపీ 3478 నుంచి 3481 దాకా పోర్టులు వాడుతుంది కాబట్టి దాన్ని పట్టుకోవచ్చు. లేదంటే ల్యాప్‌టాప్‌లన్నీ మంచి లైన్‌లో ఉంచి, భారీ పనులను మాత్రం అక్కడినుంచి తీసేసినా చాలు.

అసలు రెండో లైన్ కొనే ముందే చూడాల్సింది ఒకటుంది. మీ బాధ లైన్ పోవడం కాకుండా, ఎవరో అప్‌లోడ్ పెట్టినప్పుడల్లా కాల్స్ గరగరలాడటం అయితే, తప్పు రౌటర్‌లో ప్యాకెట్లు వంతు కోసం ఆగే క్యూలది కావచ్చు. రౌటర్‌లో ఆ క్యూలను చక్కబెట్టే ఎఫ్‌క్యూ కోడెల్ గానీ కేక్ గానీ ఆన్ చేసి, పరిమితిని లైన్ అసలు స్పీడుకు కాస్త తక్కువగా పెట్టి చూడండి. చాలా ఆఫీసులకు అంతటితోనే సమస్య తీరిపోతుంది.

ఐపీవీ6 (కొత్త తరం ఐపీ చిరునామాలు) ఉంటే ఈ రూల్స్ అన్నీ దానికి విడిగా రాయాలి. ప్రతి కంపెనీ తన ప్రిఫిక్స్ (చిరునామాల మొదటి భాగం) తాను ఇస్తుంది, న్యాట్ ఉండదు. ఒక కంపెనీ చిరునామాతో ఉన్న ప్యాకెట్‌ను ఇంకో కంపెనీ లైన్‌లో పంపితే, 2000 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2827 చెప్పిన వడపోతను పాటించే కంపెనీ దాన్ని అక్కడే ఆపేస్తుంది.

ఖరీదైన రెండు దారులు

ఎస్‌డీ-వ్యాన్ బాండింగ్‌లో మీ రౌటర్ రెండు లైన్ల గుండా దూరంగా ఉన్న ఒక సర్వర్‌కు సొరంగాలు వేస్తుంది. ప్యాకెట్లు అక్కడ మళ్లీ వరసలో కలిసి ఒకే ఐపీతో బయటికి వెళ్తాయి. ఒక్క డౌన్‌లోడ్‌కే రెండు లైన్ల స్పీడు దక్కే అవకాశం, లైన్ పోయినా కాల్ తెగకపోవడం ఇందులోనే సాధ్యం. దానికి బదులుగా నెలనెలా ఖర్చు, కొంత అదనపు ఆలస్యం ఉంటాయి. ఆ సర్వర్ ఆగితే మీరూ ఆగుతారు. కాల్ సెంటర్‌కు ఈ ఖర్చు న్యాయమే.

మన చిరునామాలకు దారి ఎటో ఇంటర్నెట్‌కు మనమే ప్రకటించే పద్ధతి బీజీపీ. దీనికి సొంత ఏఎస్ నంబరు (మన నెట్‌వర్క్ గుర్తింపు సంఖ్య), కనీసం 256 ఐపీవీ4 చిరునామాల బ్లాకు, బీజీపీకి ఒప్పుకునే రెండు కంపెనీలు కావాలి. అంతకంటే చిన్న బ్లాకును ప్రపంచ రూటింగ్ పట్టికల్లో సాధారణంగా ఎవరూ తీసుకోరు. సొంత సర్వర్ల నుంచి బయటి ప్రపంచానికి సేవలందించే సంస్థలకు ఇది తప్పదు. ఆఫీసులో ఒకటి రెండు సర్వర్లు మాత్రమే ఉంటే వాటిని క్లౌడ్‌కు మార్చడం చవక. మెయిల్ సర్వర్ ఆఫీసులోనే ఉండాల్సి వస్తే ఎస్‌పీఎఫ్ రికార్డులో (మన పేరుతో మెయిల్ పంపే ఐపీల జాబితా) రెండు ఐపీలూ చేర్చి, రివర్స్ డీఎన్‌ఎస్ (ఐపీ నుంచి పేరు చెప్పే రికార్డు) రెండు కంపెనీల చేతా పెట్టించుకోండి.

ఏ పద్ధతి ఎంచుకున్నా రెండు కంపెనీల కేబుళ్లు ఒకే స్తంభం మీదుగానో, ఒకే గుంత గుండానో వస్తున్నాయేమో అడిగి తెలుసుకోండి. అలా అయితే ఒక తవ్వకంతో రెండూ పోతాయి. ఒకటి ఫైబర్, ఇంకోటి వైర్‌లెస్ అయితే ఆ భయం చాలావరకు తగ్గుతుంది. సెటప్ అయ్యాక రౌటర్ వైపు కేబుల్ పీకి చూసి సరిపెట్టుకోవద్దు, దాన్ని ప్రతి రౌటరూ కనిపెడుతుంది. మోడెమ్‌కు బయటినుంచి వచ్చే తీగను పీకండి. రౌటర్, మోడెమ్ మధ్య దీపాలు వెలుగుతూనే ఉండి ఇంటర్నెట్ మాత్రం పోయిన పరిస్థితిలో, నడుస్తున్న ఒక ఫోన్ కాల్, ఒక వీపీఎన్, ఒక బ్యాంకు లాగిన్ ఏమవుతాయో చూడండి.