పూల కొట్టు మినియేచర్ కిట్: చెక్క పని బాగుంది, పూలు మాత్రం మనమే కట్టుకోవాలి

రెండున్నర వేలు పెట్టి ఆన్‌లైన్‌లో పూల కొట్టు మినియేచర్ కిట్ ఒకటి, అంటే ముక్కలు అతికించి బొమ్మంత కొట్టు కట్టుకునేది, తెప్పించుకున్నాను. రోజూ రాత్రి వంట గిన్నెలు సర్దేశాక గంటో గంటన్నరో కూర్చుంటే మూడు వారాలు పట్టింది. కొనాలా వద్దా అని చూస్తున్నవాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

కొలత 1:24. అంటే అసలు కొట్టులో రెండడుగులు ఉండేది ఇక్కడ ఒక్క అంగుళం. గోడలు, అరలు, కౌంటరు అన్నీ లేజర్‌తో కోసిన పల్చటి ప్లైవుడ్. ముక్కలు పలక నుంచి విరగకుండా ఊడొచ్చాయి, గాడిలో పెడితే కదలకుండా కూర్చున్నాయి, అంచుల మీది కాలిన మసి సన్న గరుకు కాగితంతో రుద్దితే పోయింది. చెక్క పనికి మాత్రం పూర్తి మార్కులు వేస్తాను.

గమ్ము సీసా తెరిచేసరికి గడ్డకట్టి ఉంది, లైటు తీగ ఒకటి తెగి వచ్చింది. అమ్మినవాళ్లకి ఫొటోలతో సహా రెండుసార్లు మెసేజ్ పెట్టినా ఉలుకూ పలుకూ లేదు, నాకు నిజంగా కోపం వచ్చింది. తీగ ఇంటి దగ్గర ఎలక్ట్రికల్ షాపతను అతికించి ఇచ్చాడు. గమ్ముకి తెల్ల ఫెవికాల్ చాలు. కిటికీ అద్దాల దగ్గర క్షణంలో అతుక్కునే గమ్ము అస్సలు వాడకండి, దాని ఆవిరికి అద్దం తెల్లగా మసకబారిపోతుంది, తుడిచినా పోదు. అద్దానికి రెండు వైపులా పల్చటి పొర ఉంటుంది, అది ఒలిచాకే అతికించాలి.

ఇక పూలు. కిట్‌లో ఇచ్చినవి ట్యులిప్‌లు, లావెండర్, గులాబీలు, కాగితం చుట్టి తీగకి అతికించేవి. అందంగానే ఉన్నాయి, కానీ రెండు కుండీలు చేశాక నాకు చెయ్యి సాగలేదు. మా అమ్మ పుట్టిల్లు కడియపులంక, నా చిన్నప్పుడు సెలవులకి వెళ్తే పొద్దున్నే పూల మార్కెట్టు చూడ్డానికే లేచేదాన్ని. పూల కొట్టు అంటే నాకు బంతి దండలు వేలాడే గెడ, మూరల్లెక్కన కొలిచే మల్లెలు. అందుకని ట్యులిప్‌లు పక్కన పెట్టేసి మన కొట్టు కట్టాను.

మల్లెమొగ్గకి బొంబాయి రవ్వ. అసలు మొగ్గని 24తో భాగిస్తే సరిగ్గా రవ్వ గింజంత వస్తుంది! మూర అంటే మోచేతి నుంచి నడివేలి కొస దాకా, దాదాపు అడుగున్నర కాబట్టి ఇక్కడ ముప్పావు అంగుళం. అంత దారానికి ఫెవికాల్ రాసి పట్టకారుతో రెండు పక్కలా గింజలు పేర్చాలి. ఒక్కో మూరకి పది నిమిషాలు పట్టింది, పన్నెండు మూరలు చేశాను. బంతిపూలకి ఆవాలు. నేరుగా రంగు వేస్తే జారిపోతుంది, ముందు ఫెవికాల్ పూసి ఆరనిచ్చి, పైన పసుపు, నారింజ యాక్రిలిక్ వేస్తే నిలబడుతుంది. కనకాంబరాలకి ఎంబ్రాయిడరీ దారం తుంపులు, మరువానికి ఆకుపచ్చ దారం సన్నగా కత్తిరించి. చివర్లో అన్నిటి మీదా వార్నిష్ ఒక పూత తప్పకుండా వేయండి, లేకపోతే రవ్వకి పురుగు పడుతుంది.

అంతా అయ్యాక అమ్మకి చూపించాను. కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసి "గంప మీద తడిగుడ్డ ఏదే? పూలు వాడిపోవూ?" అంది. నిజమే కదా, అదెలా మర్చిపోయానో! పాత కాటన్ చీర అంచు నుంచి గోరంత ముక్క కత్తిరించి, మెరిసే వార్నిష్‌లో ముంచి గంప మీద కప్పితే అచ్చం ఇప్పుడే నీళ్లు చల్లినట్టు వచ్చింది. కొట్టు మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ ముక్కే.

ఇంగ్లీషు బోర్డు తీసేసి తెలుగులో "పూల కొట్టు" అని రాసి పెట్టాను. పెట్టె మీద 14 ఏళ్లు పైబడినవాళ్లకని రాసి ఉంది, అది పాటించండి, ముక్కలు మరీ చిన్నవి. కిట్‌తో వచ్చిన పట్టకారు కొసలు కలవవు, వేరేది కొనుక్కోండి. దుమ్ము పడకుండా మూత కూడా విడిగా కొనాల్సిందే.

మనిషి బొమ్మ కిట్‌లో లేదు. సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టేటప్పుడు మా ఇంట్లో ఉన్న ఏటికొప్పాక లక్క బొమ్మల్లోంచి మూడంగుళాల లోపు ఆడమనిషి బొమ్మని తీసి కౌంటరు వెనక నిలబెట్టాను, కొలత కుదిరింది. ఆ సైజులో కూర్చుని పూలు కడుతున్న బొమ్మ ఎక్కడైనా దొరుకుతుంటే చెప్పండి, వెతుకుతున్నాను.