పిల్లర్ క్యాండిల్ వ్యాక్స్ కొనేవాళ్లు ఆ షాపుతో జాగ్రత్త

వైజాగ్‌లో ఇంట్లో క్యాండిల్స్ చేసేవాళ్లకి వన్ టౌన్‌లో ఆ షాపు ఏదో చెప్పక్కర్లేదు. వ్యాక్స్, మౌల్డ్‌లు, వత్తులు మనలో చాలామంది అక్కడే కొంటాం. పేరు రాయను. కానీ అక్కడ ఇంకోసారి డబ్బు కట్టే ముందు ఇది చదవండి.

ఎంవీపీ కాలనీలో ఒకరి గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్ట్‌లుగా లావెండర్ పిల్లర్లు, అంటే గ్లాసు లేకుండా వాటంతటవే నిలబడే క్యాండిల్స్, ఒప్పుకున్నాను. నేనెప్పుడూ చేసే పారాఫిన్, స్టియరిక్ యాసిడ్ మిశ్రమం కాకుండా వాళ్లు సోయా వ్యాక్స్ అడిగారు. షాపులో ‘పిల్లర్ బ్లెండ్, 60 డిగ్రీలు’ అని స్టిక్కర్ ఉన్న ఐదు కిలోల కవర్ చేతిలో పెట్టారు. సెంట్ ఆయిల్‌తో కలిపి ఖర్చు బాగానే అయింది. బిల్లు అడిగితే చీటీ మీద గీకి ఇచ్చారు.

పోసి రాత్రంతా వదిలేశాను. పొద్దున్న మౌల్డ్‌లు బోర్లిస్తే ఒక్కటీ కదల్లేదు. పిల్లర్ వ్యాక్స్ గడ్డకట్టేటప్పుడు కాస్త ముడుచుకుని అంచులు వదులుతుంది, తడితే జారి వచ్చేస్తుంది. ఇది మౌల్డ్‌కి అతుక్కుపోయింది. ఫ్రిజ్‌లో పెట్టి లాగితే అంచులు విరిగొచ్చాయి. వచ్చినవి బల్ల మీద నిలబెడితే మధ్యాహ్నానికి ఒక పక్కకి ఒరిగాయి. వేలు పెడితే నొక్కు పడుతోంది, చేతికి జిడ్డు. ఒకటి వెలిగించి చూశాను. పక్కగోడ తెగి, కరిగిన మైనం మొత్తం బల్ల మీదికి వచ్చేసింది. అది ఆ గృహప్రవేశంలో ఏ చంటిపిల్ల చేతి మీదో పడి ఉంటే?

అప్పుడు కవర్ మళ్లీ తీసి చూశాను. తేమకి స్టిక్కర్ ఒక మూల లేచి ఉంది. గోటితో లాగితే కింద అసలు కంపెనీ అచ్చు కనపడింది. ‘సోయా, కంటైనర్ గ్రేడ్’, కరిగే వేడి 50 డిగ్రీల లోపే. కంటైనర్ గ్రేడ్ అంటే గాజు గ్లాసులో పోసుకునేది, మెత్తగానే ఉంటుంది. అందులో ఏ లోపమూ లేదు. దాని మీద ఈ స్టిక్కర్ ఎవరు, ఎందుకు అంటించారు?

ఇదే అడుగుదామని విరిగిన క్యాండిల్, కవర్ పట్టుకుని వెళ్లాను. షాపాయన క్యాండిల్ వైపు చూడనైనా చూడలేదు. నలుగురు కస్టమర్ల ముందు, ‘మీకు పొయ్యడం రాక సరుకుని అంటే ఏటమ్మా? యూట్యూబ్ చూసి దిగిపోతారు’ అన్నాడు. థర్మామీటర్ పెట్టే పోశానన్నాను. స్టిక్కర్ లేపి కింద అచ్చు చూపించాను. ఒక్క క్షణం మాట్లాడలేదు. తర్వాత ‘ఏదీ, ఇలా ఇవ్వండి’ అని కవర్ తీసుకున్నాడు. చదవడానికేమో అనుకున్నాను. మడిచి కౌంటర్ కింద పడేసి, ‘మా కవరే కాదిది, ఎక్కడో కొని ఇక్కడికొచ్చారు’ అన్నాడు. అదే కౌంటర్ దగ్గర, అదే మనిషి చేతికి డబ్బులిచ్చాను. నష్టం కన్నా ఆ మాట ఎక్కువ మండిస్తోంది. పక్కనున్న కుర్రాడు తల దించుకున్నాడు తప్ప నోరు విప్పలేదు.

ఇంటి దగ్గరే కవర్‌కి ఫోటోలు తీసి ఉంచాను, ఫోన్‌పే చెల్లింపు కూడా ఉంది. 1915కి, అదే నేషనల్ కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. వాళ్లతో తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. కట్టిన సొమ్ము 5 లక్షల లోపు ఉంటే అక్కడ ఫీజు కూడా ఉండదు. గృహప్రవేశం వాళ్లకి అడ్వాన్స్ తిరిగిచ్చేశాను. వాళ్లు మంచివాళ్లు, ఏమీ అనలేదు.

కొనేవాళ్లకి ఒక్క మాట. కొత్త వ్యాక్స్ ఎవరి దగ్గర తెచ్చినా ముందు కొంచెం కరిగించి స్టీలు గ్లాసులో పోసి రాత్రంతా ఉంచండి. పొద్దున్న బోర్లించి తడితే జారి పడాలి, గోరు పెడితే దిగకూడదు. అప్పుడే మిగతాది పొయ్యండి. స్టిక్కర్ మీద స్టిక్కర్ ఉన్న కవర్ ముట్టుకోకండి. బిల్లు ఇవ్వనంటే అక్కడే వదిలేసి వచ్చేయండి.

ఆ షాపు ‘పిల్లర్ బ్లెండ్’ కవర్ మీ ఇంట్లో ఉంటే పారేయకండి. స్టిక్కర్ మూల లేపి చూసి, కింద ఇంకో అచ్చు ఉంటే ఫోటో తీసి నాకు పంపండి. నా ఫిర్యాదుకి జత చేస్తాను. కవర్ మాత్రం ఆయన చేతికి ఇవ్వకండి.