కరెంట్ ఖాతా: డబ్బు తిరిగొచ్చినా తీరని పొరపాటు

మా కాగితాల దుకాణం లావాదేవీలన్నీ చాలా ఏళ్లుగా ఒక ప్రైవేటు బ్యాంకులోని కరెంట్ ఖాతాలోనే జరుగుతున్నాయి. నగదు జమ, ఆర్‌టీజీఎస్ (పెద్ద మొత్తాలను వెంటనే ఇంకో ఖాతాకు పంపే పద్ధతి), చెక్కుపుస్తకాల విషయంలో వంక పెట్టడానికేమీ లేదు. బ్యాంకు తన పొరపాటును దిద్దుకునే తీరు మాత్రం వేరు.

ఒక వ్యాపారికి మేమిచ్చిన చెక్కు మొత్తాన్ని ఖాతాలోంచి రెండుసార్లు తీసుకున్నారు. స్టేట్‌మెంట్‌లో అదే ఆరంకెల చెక్కు నంబరు ఒకదాని కింద ఒకటిగా కనిపిస్తున్నా, కౌంటర్‌లోని ఉద్యోగి "సాయంత్రానికి అదే సర్దుకుంటుందండీ" అన్నారు. సర్దుకోలేదు సరికదా, నిల్వ తగ్గిపోవడంతో ఒక మిల్లుకు ఇచ్చిన చెక్కు "ఫండ్స్ ఇన్‌సఫిషియంట్" అన్న మెమోతో తిరిగిపోయింది. దానికి రుసుము, ఆ రుసుముపై 18 శాతం జీఎస్టీ మా నెత్తినే పడ్డాయి.

అదనంగా తీసుకున్న సొమ్ము వారం తిరక్కుండానే జమ కావడంతో, బ్యాంకు లెక్కలో వ్యవహారం ముగిసింది. అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ ప్రకారం, చెక్కు తిరిగాక నోటీసు అందిన 15 రోజుల్లో సొమ్ము చెల్లించకపోతే క్రిమినల్ కేసు వేయవచ్చు. మిల్లుకు వెంటనే ఆర్‌టీజీఎస్ చేశాం గనుక అంతదాకా రాలేదు గానీ, అరువు మీద సరుకిచ్చేవారి దగ్గర మాట పోయింది.

అందుకే రుసుమును జీఎస్టీతో సహా తిరిగి జమచేయాలనీ, చెక్కు తిరగడానికి కారణం బ్యాంకేనని మిల్లు పేరిట లేఖ ఇవ్వాలనీ రాతపూర్వకంగా కోరాను. రుసుము తేలిగ్గానే వచ్చింది. లేఖ దగ్గర మాత్రం మేనేజరు "డబ్బు వచ్చేసింది కదండీ" అంటూ బిగుసుకున్నారు. రిజర్వ్ బ్యాంకు ఏకీకృత అంబుడ్స్‌మన్ పథకం ప్రకారం, బ్యాంకు 30 రోజుల్లో బదులివ్వకపోయినా, ఇచ్చిన బదులు తృప్తికరంగా లేకపోయినా, బ్యాంకులపై ఫిర్యాదులను విచారించే అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. ఆ గడువును లెక్కగట్టడానికి బ్రాంచి ముద్ర, తేదీ ఉన్న ఫిర్యాదు నకలే ఆధారం. దాన్ని జతచేసి, బ్యాంకులో ఫిర్యాదులు చూసే నోడల్ అధికారికి ఈమెయిల్ పంపాక, గడువులోపలే లేఖ చేతికొచ్చింది. అందులో "సాంకేతిక కారణాల వల్ల" అని ఉందే తప్ప "మా పొరపాటు" అన్న మాట ఎక్కడా లేదు! మిల్లువారు మాత్రం దానితోనే సమాధానపడ్డారు.

దుకాణంలోని క్యూఆర్ కోడ్, కార్డు యంత్రం అన్నీ ఈ ఖాతాతోనే ముడిపడి ఉన్నందున దాన్ని మార్చలేదు. రోజువారీ సేవలకు అయిదింటికి నాలుగు నక్షత్రాలు ఇస్తాను, ఫిర్యాదుల పరిష్కారానికి రెండే.